రెండువందల నలభై ముక్కల సెకను

కప్చోర్వా. పొద్దున్న ఆరు.
ఎల్గాన్ కొండ ఇంకా ముసుగు తీయలేదు.
ఎర్రమట్టి ట్రాకు మీద మోకాళ్లూని
ఫోనుని ఓ ఇటుకకి ఆనించాను.
ఇదే నా ప్రయోగశాల.
ఇటుక కూడా అరువుదే.

"నన్ను దాటి వెళ్లు, వెనకనుంచి చూడాలి" అన్నాను.
చెలంగాట్ వెళ్లింది.
పేరుకి సాయంత్రం పుట్టిన పిల్ల,
పరుగుకి తెల్లవారుజాము.

చూసేవాళ్లకి ఆ పరుగు
నిండుగిన్నె పాలు తొణక్కుండా తెచ్చినట్టుంటుంది.
మొన్నటిదాకా నాకూ అంతే.
నిన్న కళ్లు మూసుకుని విన్నాను.
టప్, టప్పు. టప్, టప్పు.
కుడికాలు నేలతో మాట్లాడుతోంది.
ఎడమకాలు ఏదో దాచుకుని
పొడిగా జవాబిస్తోంది.

సెకనుని రెండువందల నలభై ముక్కలుగా కోసి
ఒక్కొక్కటే వేలితో జరిపాను.
నూట పదమూడో ముక్కలో దొరికింది.
బరువంతా ఎడమకాలి మీదికి రాగానే
కుడి తుంటి జారింది,
ఎడమ మోకాలు లోపలికి వాలింది,
పక్కవాడి గుసగుసకి చెవి ఒగ్గినట్టు.
రెండు వేళ్ల వెడల్పు. అంతే.
ఆ రెండు వేళ్లే, రోజుకి పదివేలసార్లు,
ఒకే ఎముక మీద, ఒకే చోట.

"నొప్పుందా?"
"లేదు."
మోకాలి కింద ముందెముక పొడవునా
బొటనవేలితో నొక్కుకుంటూ పోయాను.
ముఖం నవ్వుతూనే ఉంది.
ఊపిరి ఒక్కచోట ఆగింది.
ఈ పనిలోకి వచ్చాక
నేను ముఖాల్ని నమ్మడం మానేశాను.

ఆదివారం ఎంబాలేలో పోటీ.
గెలిస్తే ఒక పాడి ఆవు, నీళ్ల డ్రమ్ము,
పేపర్లో ఫొటో.
కోచ్ ముసోబో గడియారం చూసుకుంటూ అడిగాడు:
"ఔనా? కాదా?"

వీడియో ఔననదు, కాదనదు.
వాలుతోంది, అంటుంది.
నిజం చెప్పాలంటే
ఇంతకన్నా వంకరగా పరిగెత్తి
హాయిగా ముసలైపోయినవాళ్లు ఈ కొండ మీదే ఉన్నారు.
తీర్చిదిద్దినట్టు పరిగెత్తి
కంపాలాలో, చివరి మలుపులో,
ఎండు మొక్కజొన్న దంటులా విరిగినదాన్ని నేను.
ఆ చప్పుడు స్టేడియంలో ఎవరికీ వినపడలేదు.
అంతకుముందు మూడు నెలలు
నా కాలు రోజూ చెబుతూనే ఉంది,
వినే పని ఎవరిదో తేలలేదు.

"కాదు" అన్నాను.
ఆరు వారాలు. అడుగు పొట్టి చేసుకో,
తుంటికి బలం పెంచుకో,
ఒంటికాలి మీద నిలబడటం మళ్లీ నేర్చుకో.
ముసోబో ఉమ్మేసి వెళ్లిపోయాడు.
చెలంగాట్ ఏడవలేదు, తిట్టింది.
నన్ను, ఫోన్ని,
ఇంకా పుట్టని ఆ ఆవునీ.

తర్వాత ఎవరూ చెప్పకుండానే
ఇటుకని అడ్డంగా పడుకోబెట్టి
ఎడమకాలితో ఎక్కి నిలబడింది.
వణికింది. దిగింది.
మళ్లీ ఎక్కింది.
నేను ఫోను జేబులో పెట్టేసి
నోటితో లెక్కపెట్టాను.
పదకొండు.
ఇటుక మాత్రం మధ్యాహ్నంలోగా తిరిగిచ్చేయాలి.