క్లిప్పులు పెట్టని రోజు

మా ఇంట్లో మూడు వారాలుగా ఒకటే ఎండ.

వంటింటి కిటికీ అవతల సోర్వాగుర్ ఊరు లేదు.
రేవు లేదు, చర్చి లేదు,
పక్కింటి గొర్రె దగ్గితే తప్ప
అది ఉందని తెలీదు.
కిటికీ ఇవతల, త్రోండుర్ తెర మీద మాత్రం
మా విమానాశ్రయం అద్దంలా మెరుస్తోంది.
సముద్రాన్ని ఎవరో ఇస్త్రీ చేసి పరిచారు.

ఉన్న వాన ఉన్నట్టు, ఉన్న గాలి ఉన్నట్టు
తెచ్చి పోస్తానందట ఆ వాతావరణం యాడ్-ఆన్.
రెండొందల ఇరవై క్రోనర్లు తీసుకుని
ఎండ తెచ్చింది. తెచ్చి, ఇక కదల్లేదు.

మొదట గడియారాన్ని అనుమానించాడు.
ఎండాకాలం మాకూ గ్రీనిచ్‌కీ గంట తేడా,
మబ్బులు ఆ సందులో ఇరుక్కున్నాయన్నాడు.
గంట జరిపాడు.
సూర్యుడు కాస్త పక్కకి జరిగి కూర్చున్నాడు.

తర్వాత ఫైర్‌వాల్.
ముప్ఫై ఏళ్ళు రన్‌వే మీద ఫైరింజన్ తోలినవాడు
ఈ గోడ ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు.
తలుపు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు.
అటునుంచి ఒక్క చినుకు రాలేదు.

మార్సేలో ఉంటాడట దాన్ని రాసిన కుర్రాడు.
తీసేసి మళ్ళీ పెట్టండి, అని జవాబిచ్చాడు.
తీసేశాడు. పెట్టాడు.
తీసేశాడు. కంప్యూటర్‌నే ఆర్పి, కాఫీ తాగొచ్చి, పెట్టాడు.
ఎండ.

రాత్రి రెండింటికి పక్కలో లేచి కూర్చుని
"సర్వర్ తాళంచెవి" అన్నాడు, ఎవరితోనో.

నన్ను అడగలేదు.
అదే రన్‌వే పక్కన గాజు గదిలో
ఇరవయ్యారేళ్ళు
ఆకాశాన్ని ఎనిమిది ముక్కలు కోసి
మబ్బు ఎన్నింటిని తినేసిందో లెక్కపెట్టి
అరగంటకోసారి అంకెల్లో పంపింది నేనే.
ఆ అంకెలు చూసే కదా నిజం విమానాలు
దిగడమో, వెనక్కి పోవడమో తేల్చుకునేవి.
చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.
నేనూ చెప్పలేదు. అడగనిదే చెప్పడం
గాలిదిశ చెప్పేవాళ్ళకి అలవాటుండదు.

నిన్న మాత్రం, ఆయన ముందు చేపల పులుసు పెడుతూ
తెర మూలన చిన్న వరస ఒకటి చూశాను.
మొదటి రెండంకెలు తేదీ.
పదకొండు.
"ఇవాళ రెండు కదా, త్రోండుర్" అన్నాను.

చెంచా గాల్లో ఆగింది.

తొమ్మిదీ యాభై. గాలి నైరుతి నుంచి రెండు నాట్లు.
చూపు ఎంత దూరమైనా.
జూన్ పదకొండు. నాకు గుర్తుంది.
దుప్పట్లు ఆరేశాను, క్లిప్పులు పెట్టకుండా.
ఈ దీవుల్లో కాపురం పెట్టాక
అలా ఆరేసింది ఆ ఒక్కరోజే.
ఒక్క అంచు కూడా లేవలేదు.
బెదిరి రెండుసార్లు బయటికెళ్ళి చూశాను.

ఫైలు దొరికింది. లోపలెక్కడో ఒక టిక్కు:
చదవడానికి మాత్రమే.
కొత్త ఆకాశం వచ్చి తలుపు తట్టడం,
రాయడానికి వీల్లేక వెనక్కి పోవడం,
మూడు వారాలుగా ఇదే తంతు.
టిక్కు పెట్టిందెవరో మేం మాట్లాడుకోలేదు.
ఇంట్లో ఉన్నది ఇద్దరం.
నాకు మౌస్ పట్టుకోవడం రాదు.

"చెరిపెయ్యకు, పక్కన పెట్టు" అన్నాను.
పెట్టాడు.
తెర తెల్లబడింది.
ముందు దీవి పోయింది, తర్వాత నీళ్ళు,
చివరికి విమానం ముక్కు కూడా.

"ఏమీ కనపడట్లేదు మార్యున్! ఏమీ!"
లాటరీ తగిలినవాడి కేక.

రెండుసార్లు దిగబోయి, రెండుసార్లు లేచి,
బెర్గెన్‌కి మళ్ళించాడు.
ప్రయాణికులు లేరు కాబట్టి తిట్టినవాళ్ళూ లేరు.
పులుసు చల్లారింది. చల్లగానే తాగాడు.

నా దుప్పట్లు నాలుగు రోజులుగా
హీటర్ మీద ఆరుతూనే ఉన్నాయి.
ఇవాళ అడిగాను:
ఆ పాత రోజు ఒక్కసారి పెట్టు.
విమానం వద్దు.
ఊరికే మన పెరడు వైపు తిప్పు.

తిప్పాడు.
మా ఇల్లు ఉండాల్సిన చోట
బూడిదరంగు డబ్బా ఒకటి.
తాడు లేదు. దుప్పట్లు లేవు.
గాలి మాత్రం సరిగ్గా ఉంది.