పడవకి రెండు పాలు

పుస్తకాలు తాడు మీద ఆరేశాను.
ఒక పక్క నెత్తళ్ళు, ఒక పక్క నాలుగో తరగతి.
ఈగలు దేన్నీ వదల్లేదు.
తెలుగు వాచకం రెండు పూటల్లో ఆరింది.
లెక్కల పుస్తకంలో మాత్రం
ఏడో ఎక్కం ఎనిమిదో ఎక్కానికి అతుక్కుపోయి
విడదీస్తే రెండూ చిరిగేలా ఉంది.
"అలాగే ఉంచీ అయ్యా" అంది నూకరత్నం,
"ఆ రెండూ నాకు నోటికొచ్చు."

బడి రేకుల్ని గాలి ఎటు పట్టుకుపోయిందో
పెదజాలరిపేటలో ఎవరూ చూళ్ళేదు.
హెడ్మాస్టరు వచ్చి, తల పైకెత్తి ఆకాశం చూసి,
"దీపావళి దాటాక" అన్నాడు.
ఏ దీపావళి అని అడగబోయి ఊరుకున్నాను.

కరెంటు లేదు. కైలాసగిరి మీద ఆకన్నది లేదు.
ఇంజను నిండా ఇసక.
"ఊరికే కూకున్నావు కదా, పిల్లలకి ఏదోటి చెప్పు"
అనేసి మా ఎల్లమ్మ
చేపల్లేని గంపలో కొవ్వొత్తులు సర్దుకుని
ఎంవీపీ కాలనీ వైపు పోయింది.

ఏదోటి అంటే ఏది?
నేను వెళ్ళింది మూడు దాకా.
అందులో సగం రోజులు వల దులపడానికే పోయాయి.

థర్మకోల్ పెట్టె మూత పలకయింది, మేకు బలపం.
వల కన్ను కొలిచే చెక్క
స్కేలు పనికొచ్చింది.
రాత్రి, ఊరంతా చీకటిగా ఉన్నప్పుడు
డాల్ఫిన్ నోస్ మీద లైటు ముందుగా వెలిగింది.
ఒక వెలుగుకీ ఇంకో వెలుగుకీ మధ్య ఎన్నో
లెక్కపెట్టమన్నాను చిన్నోణ్ణి.
దేముడు ఒకసారి ఏడన్నాడు, ఒకసారి పదకొండు.
"లైటు తప్పా అయ్యా, నేను తప్పా?"
ఊపిరి బిగబట్టకుండా లెక్కపెట్టు, అన్నాను.
పదిలోపు నిద్రపోయాడు.

నాలుగో రోజు భాగాహారం.
ఇది నాకొచ్చు అనుకున్నాను,
పందొమ్మిదేళ్ళుగా ఇసకలో చేస్తున్నదే.
"వేటకి రెండువేల ఎనిమిదొందలు వచ్చిందనుకో.
డీజిలుకి, ఐసుకి ఎనిమిదొందలు తీసీ.
మిగతాది పంచు."
"ఐదుగురు కదా. తలో నాలుగొందలు."
"కాదు. పడవకి రెండు పాలు, వలకి ఒకటి.
ఐదుగురికి ఐదు. మొత్తం ఎనిమిది."
మేకుతో కిర్రుకిర్రుమని గీసింది,
తెల్లటి గుళ్ళు ఒళ్ళంతా రాలాయి.
"రెండొందల యాభై!"
సరిగ్గా చెప్పింది. నా ఛాతీ పొంగింది.

మేకు దించలేదు ఆ గుంట.
"పడవ వల లాగదు కదయ్యా.
దానికి రెండు పాలేటి?"
పడవంటే సత్తయ్య గారిది అన్నాను.
"ఆయనొస్తాడా వేటకి?"
రాడు.
"మరి?"
మరి రంగెయ్యాలి. మరమ్మతుండాలి. అప్పు మీద వడ్డీ ఉంటాది.
అన్నీ రాసుకుంది, కింద గీత కొట్టింది.
"రంగుకెంత? మరమ్మతుకెంత?"

సముద్రం మామూలుగానే మోగుతోంది.
ఎల్లమ్మ గంప దించి,
అమ్ముడుపోని కొవ్వొత్తి ఒకటి మా మధ్య ముట్టించింది.
ఇద్దరూ నా మొహం చూస్తున్నారు.
నాకు తెలీదన్నాను.
ఇంట్లో నా నోటంట ఆ మాట
అదే మొదలు.

ఎనిమిదో రోజుకి ఇంజను ఇసక కక్కింది.
వేటకి పోయొచ్చాం. కానాగంతలు, కొద్దిగా.
ఇసకలో గుండ్రంగా కూచుని
సత్తయ్య గారు నోట్లు తడి చేసుకుంటూ పంచుతుంటే
నాకే తెలీకుండా అనేశాను:
"రంగుకెంతయ్యింది బాబూ, ఈ ఏడు?"

నలుగురూ తలెత్తారు.
ఆయన చెయ్యి కాసేపు గాల్లోనే ఆగింది.
తర్వాత నవ్వాడు.
"ఏట్రా, బడి తెరిచేసారా?"

లేదు బాబూ,
ఇంకా తెరవలేదన్నాను.
నా పాలు ఇచ్చాడు.
అక్కడే, అందరి ముందూ,
ఒక్కొక్క నోటూ లెక్కపెట్టుకున్నాను.