సీటు

అగ్రిమెంటులో ఒకటే పేరు, నాది.
దామలచెరువు దాటినాక నిద్రొచ్చి
తాళం మునిశేఖర్‌కిచ్చినా.

గుజ్జు ఫ్యాక్టరీ ముందర
బెంగుళూరా కాయల ట్రాక్టర్లు, కిలోమీటరు వరస.
కడపటిదానికి వెనక లైటు లేదు.
ఇప్పుడు మాకు ముందర లైట్లు లేవు.

ఇంకొకరు తోలితే నష్టమంతా సంతకం పెట్టినోడిదే:
తొమ్మిదో షరతు, చీమ తలకాయంత అక్షరాల్లో.
అందుకే తిరుపతిలో
"నేనే తోలింది" అన్నా.

వజ్రవేలన్న అరవలేదు.
బానెట్టు మీద మామిడి సొన గోటితో గీకి
"ఒకసారి కూర్చో నాయనా" అన్నాడు.

కూర్చున్నా.
మునిశేఖర్ ఆరడుగుల మనిషి.
నా కాలు
క్లచ్చి దాకా పోలేదు.

లక్షా పదివేలు.
బయట మునిశేఖర్ రెండు టీలు చెప్పినాడు.
డబ్బులు వాడే ఇచ్చినాడు.