బోడిగుండుకీ మోకాలికీ

నేనిచ్చిన కాగితం వెనకవైపు
రొట్టె, ఉల్లిపాయలు, నల్లదారం అని రాసుంది.
ముందువైపు నేను గీసిన కుర్చీ బొమ్మ,
చాచిన కాలు,
ఐదు అంకెలు ఆపి దించాలి, పదిసార్లు, రెండు పూటలా.
అటువైపు చూసిన జాడ లేదు.

మూడు వారాల తర్వాత ఎదురుగా కూర్చుని
ఎదువిహిస్ వానల గురించి చెప్పింది.
కొండ ఎక్కించే పెట్టెబండి మళ్ళీ పాడైందనీ
మనవడికి జ్వరమనీ.
కుంటిసాకులంటామే,
నిజంగా కుంటుతున్న మనిషి దగ్గర
ఆ మాట నా నాలుక మీదే తడబడింది.
అయినా మందలించాను.
వాడకపోతే కీళ్ళు బిగుసుకుంటాయన్నాను.
పాఠం అయ్యేదాకా
ఆవిడ ఓపిగ్గా తల ఊపింది.

వాల్పరైసోలో ఇల్లంటే ముందు మెట్లు.
ఆవిడ ఇంటికి నూటనలభైరెండు.
నూటపదో మెట్టు మీద నేనే ఆగిపోయాను,
రేకుగోడకి వీపు ఆనించి,
ముప్పైనాలుగేళ్ళ మోకాళ్ళతో.
కింద రేవులో ఓడలు అగ్గిపెట్టెలంత.
ఒక్కసారి ముందే ఎక్కి ఉంటే
ఆ కాగితం మీద ఏం రాసేదాన్నో.

వంటగదిలో కాలితో తొక్కే కుట్టుమిషను.
నలభై ఏళ్ళ పెళ్ళిగౌన్లు దాని మీదే.
"పది లెక్కపెట్టడం రాక కాదమ్మా,
ఒక్కదాన్నే లెక్కపెడుతుంటే
మిగిలిన రోజులు లెక్కపెట్టినట్టుంటుంది."

నా కాగితంలో దానికి బొమ్మ లేదు.

సాయంత్రం టీ వేళకి
పైమెట్ల నుంచి నిబాల్దో రొట్టెతో దిగుతాడు, రోజూ.
రేవులో క్రేను నడిపి ఒక చెవి పోగొట్టుకున్నవాడు.
నున్నటి గుండు, దాని మీద వానచుక్కలు.
కెటిల్ పొయ్యి మీద పెట్టాక
అది కూత వేసేలోగా, అన్నాను.
లెక్క మీరు పెట్టండి, నిబాల్దో.

ఏడు తర్వాత మళ్ళీ నాలుగంటాడు.
ఆవిడ తిడుతుంది,
కాలు చాచే ఉంచి తిడుతుంది.
పదికి చేరేసరికి పదహారవుతుంది.
బోడిగుండుకీ మోకాలికీ ముడేమిటని
ఎవరన్నారో గానీ
ఆ ముడి నేను చూశాను.

మిషను పక్కన మేకుకి ఎర్రదారం.
చేసిన రోజుకొక ముడి,
చెయ్యని రోజుకి వేలెడు ఖాళీ.
జూన్‌లో అంతా ఖాళీయే,
నిబాల్దోకి రొంప పట్టిన వారాలు.
ఒక్కటైనా దొంగముడి వెయ్యలేదు.

నొప్పి పోలేదు.
పోతుందని నేను చెప్పనూ లేదు.
నిన్న మెట్లు దిగి వచ్చింది,
మధ్యలో ఎక్కడో ఒకచోట కూర్చుని.
"చేశారా?" అని నోటిదాకా వచ్చింది,
మింగేసి, దారం చూపించమన్నాను.
చేతిసంచీలోంచి తీసి బల్ల మీద పెట్టింది.
చిక్కుపడిపోయి ఉంది.
బయట వరస పెరుగుతోంది.
ఇద్దరం వంగి
విప్పుతూ కూర్చున్నాం.