అక్షరాల కూలి

మూడొందల అక్షరాలకు ఒక ద్రాక్మా.
డేలోస్ రేవులో ఇదే ధర, దేవుడెవరైనా.
అపోలోకీ అంతే,
నైలు నుంచి ఓడెక్కి వచ్చిన సెరాపిస్‌కీ ఐసిస్‌కీ అంతే.
నాకు దేవుళ్ళతో పేచీ లేదు.
రాయిలో గుల్ల ఉంటేనే పేచీ.

ఈసారి పని నల్లబట్టల సమాజానిది.
కొండవాలున, వేసవికి ఎండిపోయే వాగు పక్కన వాళ్ళ గుడి.
చలి మొదలయ్యే ముందు అక్కడ ఏడుపులు:
ముక్కలైన మొగుణ్ణి నది పొడవునా ఏరుకున్న దేవత కథ.
మూడో రోజు "దొరికాడు, దొరికాడు" అని కేకలు.
నా పాకలోకి అన్నీ వినిపిస్తాయి.

నీటితొట్టికి మెట్లు కట్టారట, చందాదారుల పేర్లు చెక్కాలి.
కోశాధికారి క్టేసిప్పోస్ మైనపు పలక తెచ్చాడు
చంటిబిడ్డను తెచ్చినట్టు.
మొదటి పేరు తనదే, యాభై ద్రాక్మాలు, తండ్రి పేరుతో సహా.
సీదోను ఊదారంగు వర్తకుడు, ముప్పై.
మెంఫిస్ గుండు పూజారి తోథోయెస్, ఇరవై, ఒక ఇత్తడి గిలక.
ఉప్పుచేపల వాడొకడు, పేరు రాయించుకున్నాక డబ్బు తగ్గించాడు.
అందరికీ అడుగున, గోటిగీతలా,
బెందిదోరా. దీపం ఒకటి, వత్తితో.

"ఐదు ద్రాక్మాల లోపు వాళ్ళకు పేర్లెందుకు?
'మిగిలినవారూ' అని కొట్టెయ్. ఖర్చు కలిసొస్తుంది."
మిగిలినవారెవరు, అన్నాను.
పలక చూశాడు. ఆమె ఒక్కతే.

వేళ్ళు మడిచాను.
గ్రీకులో ఆ మాటకు పదకొండు అక్షరాలు.
బెందిదోరాకు తొమ్మిది.
"రెండక్షరాలు నీకే లాభం."
పెదాలు కదుపుతూ రెండుసార్లు లెక్కపెట్టాడు.
లెక్కకు లొంగని మనిషి కాడు, పాపం.
"ఆమెకు చదువే రాదుగా" అన్నాడు వెళ్తూ వెళ్తూ,
ఓడినవాడు గుమ్మం దగ్గర తుమ్మినట్టు.

ఈ దీవిలో ఎవరూ పుట్టకూడదు, ఎవరూ చావకూడదు.
నెలలు నిండిన మనిషినీ, ఎగశ్వాస పట్టిన ముసలినీ
పడవెక్కించి ఎదుటి రెనేయాకు దాటిస్తారు.
మనుషులున్నవాళ్ళకు పడవ దొరుకుతుంది.
థ్రేస్‌లో పుట్టి, మూడు సంతల్లో చేతులు మారి,
పళ్ళు కదిలాక విడుదలైన ఆమెకు ఎవరున్నారు?
నెలకు రెండు ఓబోళ్ళు కడితే
ఆ నల్లబట్టలు రేవు దాకా మోస్తాయి.

నేను కారియా వాణ్ణి.
నాకు ఉలులున్నాయి. ఏడు.

పొద్దు వాలాక వచ్చింది, చేతిలో దీపం.
"ఏది నాది?"
వంగి చూపించాను. గాళ్ళలో ఎర్రరంగు ఇంకా తడే.
చూపుడువేలు మొదటి అక్షరం మీద నడిచింది,
రెండు పొట్టలున్న అక్షరం.
"ఇది కడుపుతో ఉందే!" అని నవ్వింది,
"దీన్ని దీవి దాటించరా?"

తర్వాత మోకాళ్ళ మీద కూర్చుని
ఉలి కింద రాలిన పెచ్చులు ఏరడం మొదలుపెట్టింది,
పెద్దవీ, పొడిలో దాక్కున్నవీ, కొంగులోకి.
"చెత్త అది, ఎందుకమ్మా?"
"ఆ తొమ్మిదింటిలోంచి పడ్డవేగా."
దీపం నా చేతికిచ్చింది, ఇటు పట్టు, అంటూ.

పట్టాను.
నా చెప్పు కింద ఒకటి ఉంది.
పాదం ఎత్తాను.