పన్నెండు దగ్గర కూత

నాకు ఆటలు రావు. ముందే చెప్పేస్తున్నాను.
తంగుడు కేదారి కంపెనీలో
తొమ్మిదేళ్లు లెక్కలు రాశాను,
మూడో స్టేషను దాటింది ఒక్కసారే.

గుణుపురం, పాత బస్టాండు వెనక
జీడిపిక్కల గోదాము మేడ మీద ఆఫీసు.
కింద పిక్కలు కాలిస్తే
పైన కంప్యూటర్లు కూడా దగ్గేవి.
అద్దె ఎనిమిది వందలు. చిట్టాలో ఉంది.

కేదారి అంతకు చాలా ముందు
అరగంటకు రెండు రూపాయల వీడియోగేమ్ కొట్లో
ఆడ్డానికి డబ్బుల్లేక
క్యాసెట్లు ఊదిపెట్టే పనికి కుదిరాడు.
ఊదితే ఆట లేచి కూర్చునేది.
"గాలి పెట్టుబడితో మొదలెట్టాను మావా" అనేవాడు.

బరంపురంలో డిప్లొమా, ఫెయిలు.
విశాఖలో సెల్‌ఫోన్ల రిపేరు, ఆరేళ్లు.
తిరిగొచ్చేసరికి
నౌపడ నుంచి వచ్చే బుల్లిరైలు లేదు,
పట్టాలు పీకి వెడల్పు చేస్తున్నారు.
పోయిన బండిని ఫోన్లో నడుపుతానన్నాడు.
తాగి ఉన్నాడనుకున్నాం.

ఆట ఇంతే.
బండి మనిషి నడక కన్నా నెమ్మది.
గుంటడు దూకాలి, జీడిపళ్లు ఏరాలి,
పరుగెత్తి మళ్లీ ఎక్కాలి.
పన్నెండు పళ్లకు ఒక కూత.

పన్నెండే ఎందుకంటే
పుట్టాసింగి సంతలో చింతపండు అమ్మే
సొంబారి రైకా లెక్క అది.
సవర మాటలో పన్నెండు దాకా పేర్లు,
ఆపైన పన్నెండూ ఒకటి, పన్నెండూ రెండు.
ఆమె గొంతు రికార్డు చెయ్యడానికి
గోడలకు పరుపులు ఆనించాం.
అయినా బయట మేక అరిచింది,
అదీ ఆటలో ఉండిపోయింది.
సొంబారికి నెలకు మూడొందలు, వేలిముద్ర మీద.
మేకకు ఏమీ ఇవ్వలేదు.

మూడు లక్షల మంది ఆడారని కేదారి.
నా పుస్తకంలో డబ్బు కట్టినవాళ్లు
పదకొండు వందల నలభై.
జీతాలందిన నెలలకు పది వేళ్లు చాలు,
అందని నెలలకు సొంబారి లెక్క కావాలి.

చివరకు బెంగళూరు వాళ్లు కొన్నారు.
సంతకం పెట్టబోతే పెన్ను రాయలేదు.
కేదారి దాన్ని ఊదాడు. రాసింది.

కొన్నవాళ్లు ముందుగా చేసిన పని
లెక్క దిద్దడం.
ఇక కూత పదికే. పొరపాటు సవరించామని
మర్యాదగా మెయిలు పెట్టారు.

ఆ వారమే సొంబారి మేడ మెట్లెక్కి వచ్చింది,
మనవడి ఫోను పైకెత్తి పట్టుకుని.
"నా రెండు ఎవులు పట్టుకుపోయారు?"
కేదారి నేల చూశాడు.
నేను చిట్టా తెరిచి
నెలనెలా ఇచ్చిన మూడొందలు చూపించబోయాను.
ఆమె వచ్చి పుస్తకం మూసేసింది.

ఇప్పుడు కేదారి బస్టాండులో ఫోన్లు బాగుచేస్తాడు.
సాయంత్రం గల్లా నేనే రాస్తాను, అలవాటు చావదు.
రూపాయి బిళ్లలు దొంతులు పేర్చి
"ఐదూ, పైన మూడూ" అంటాడు.
యాభై మూడని రాస్తాను.
కొట్టేసి, అరవై మూడు.
రోజూ అదే తప్పు.
పుస్తకం నిండా కొట్టివేతలే.