మూడూ ఇరవై

ఆదోనిలో మా సందుకు
నీళ్లు వారానికొక్కసారి, అదీ తెల్లారుజామున.
మూడుకూ మూడున్నరకూ మధ్య
కొళాయి ముందు దగ్గుతుంది,
తర్వాతే తడుస్తుంది.
ఆ దగ్గు వినే చెవి సందు మొత్తానికి ఒకటే.
పరుపులు కుట్టే దస్తగిరమ్మది.
నా షాపు షట్టరు మీద అరచేత్తో రెండు దెబ్బలేసి
"ఒరే మద్దిలేటీ, నీళ్లొచ్చినాయ్, లెయ్యిరా!"

పోయిన నెల గుంతకల్లులో చెల్లెలు దూది మిషను పెట్టిందని
మూటా ముల్లే సర్దుకుని వెళ్లిపోయింది.
అడగ్గా అడగ్గా
ఒక వాయిస్ మెసేజి పంపింది.
ఏడు సెకన్లు. వెనకాల ఏదో గూడ్సుబండి.

డీటీపీ కంప్యూటరు పక్కనే నా చాప.
దాంట్లోకి ఒక అలారం దించుకున్నా, ఉచితంగా వచ్చేదే.
కోడికూత ఉంది, చర్చిగంట ఉంది,
ఎవరో తెల్లదొర వేసిన ఈల ఉంది.
దస్తగిరమ్మను చూపిస్తే మాత్రం
ఎర్రక్షరాలు: ఈ ఫార్మాట్ చెల్లదు.
చిరిగిన నోటును కౌంటర్లోంచి వెనక్కి తోసినట్టు.

ఫైలు పేరు చివర ఓపస్ అని ఉంటే
చెరిపి ఎంపీత్రీ అని రాసినా.
రోజూ పెళ్లిపత్రికల్లో ఇంటిపేర్లు దిద్దేవాణ్ణి,
ఇదెంత పని?
అలారం నమ్మింది.
ఆ రాత్రి తెర మీద గంటబొమ్మ
ఎంతసేపు ఊగిందో ఏమో, నోరు పెగల్లేదు.
నేను లేచేసరికి సందంతా తడి,
నా బిందెలు మూడూ బోర్లించినవి బోర్లించినట్టే.

వేవ్‌లోకి మార్చుకో అన్నాడు సెల్ పాయింట్ ఉరుకుందు.
మార్చితే ఏడు సెకన్లకే
ఫైలు ఒళ్లు ఇరవై రెట్లు ఊరింది.
చెంబు నీళ్లు గంగాళంలో పోసినట్టు.
గొంతు మాత్రం అంతే. ఆ బొంగురు అంతే,
"లెయ్యిరా" దగ్గర ఆ విరుపు అంతే.
స్పీకర్లు రెండూ సందు వైపు తిప్పి,
ఎందుకు తిప్పినానో తెలీదు,
వాల్యూము నిండుగా పెట్టి పడుకున్నా.

మూడూ ఇరవై.
ముందు గూడ్సుబండి, తర్వాత ఆమె.
నేనొక్కణ్ణే కాదు, సందు లేచింది.
ఎదురింటి నాగవేణి రెండు చంకల్లో రెండు బిందెలు,
పాల సుంకన్న లుంగీ బిగించుకుంటూ,
"అక్క ఎప్పుడొచ్చె?"
"ఏ బండికి దిగిందబ్బా?"
కొళాయి విప్పితే గాలి.
ఇంకా విప్పితే ఇంకా గాలి.
బైపాసు దగ్గర పైపు పగిలిందని
తెల్లారినాక తెలిసింది.

ఇన్నేళ్లలో ఆ గొంతు నీళ్లొచ్చినాయంటే
రాకపోవడమన్నది లేదు.
లోపలికొచ్చి ఆపబోతే
ఆపాలా, పది నిమిషాలాగి మళ్లీ లేపాలా అని
అలారం నన్నే అడుగుతోంది.
బయట, ఖాళీ బిందెలు పట్టుకుని
వాళ్లింకా నా షట్టరు ముందే నిలబడి ఉన్నారు,
ఆమె లోపలుందేమోనని.